ఆపాలా, దాటించాలా: ఐబీఎం ఐ ప్రోగ్రాంలో ఎర్రర్‌ని ఎక్కడ, ఏ పద్ధతిలో పట్టాలి

రాత్రి పదకొండు గంటలు. బరంపురంలో ఒక బట్టల హోల్‌సేల్ గోడౌన్‌కి మర్నాటి ఇన్‌వాయిస్‌లు తయారుచేసే బ్యాచ్ జాబు (తెర ముందు మనిషి లేకుండా నడిచే పని) ఐబీఎం ఐ మీద, అంటే ఐబీఎం వ్యాపార సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోందనుకుందాం. మొత్తం 1,200 ఆర్డర్లు. 411వ ఆర్డరులో మీటర్ల ఫీల్డు చెడింది, ప్యాక్డ్ డెసిమల్ (బైటుకి రెండేసి అంకెలు కుక్కి దాచే పద్ధతి) అంకె ఉండాల్సిన చోట ఉత్త ఖాళీలున్నాయి. ఇప్పుడు జాబు ఏం చెయ్యాలి?

అక్కడే ఆగి ఎవరైనా వచ్చేదాకా కాచుకోవచ్చు. ఆ ఒక్క ఆర్డరునీ పక్కన పెట్టి మిగతా 1,199 పూర్తి చెయ్యొచ్చు. చేసిందంతా వెనక్కి తీసుకుని, ఏమీ జరగనట్టు వదిలెయ్యొచ్చు. లేదంటే 410 దగ్గర చడీచప్పుడు లేకుండా ఆగిపోయి, పిలిచిన ప్రోగ్రాంకి 'అంతా అయింది' అని చెప్పొచ్చు. ఈ నాలుగోది కావాలని ఎవరూ రాయరు. కానీ పాత ఆర్‌పీజీ (ఈ మెషిన్ మీద వ్యాపార ప్రోగ్రాంలు రాసే భాష) ప్రోగ్రాంలు విప్పి చూస్తే కనబడేది చాలాసార్లు అదే.

అందుకే మానిటర్ (కొన్ని వాక్యాల చుట్టూ కట్టే కాపలా) మంచిదా, పీఎస్‌ఎస్‌ఆర్ (తప్పు వస్తే ప్రోగ్రాం దూకే సబ్‌రొటీన్) మంచిదా అని తర్కించుకోక ముందు ఈ ప్రశ్నని సరుకు పంపే మనిషిని అడగండి. పొద్దున్నే ఇచ్ఛాపురం దాటాల్సిన లారీలున్నాయి, ఉన్నవి కొట్టేయండి అంటే ఒక పద్ధతి. నెలాఖరు లెక్క, ఒక్కటి తేడా వచ్చినా వద్దంటే ఇంకో పద్ధతి. భాషలో ఉన్న సదుపాయాలన్నీ ఈ రెండు జవాబుల మధ్య ఎక్కడో ఒకచోట పనికొస్తాయి.

(కోడ్ మాటల్ని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. మెషిన్ మీద టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే వాడాలి.)

ఏమీ పట్టకుండా వదిలేస్తే

ఇదీ ఒక ఎంపికే, చిన్నచూపు అక్కర్లేదు. ఎర్రర్ కోడు ఏమీ రాయని మామూలు సైకిల్-మెయిన్ (ఆర్‌పీజీ సొంత చక్రంలో నడిచే) ప్రోగ్రాం తప్పులో పడితే ఆర్‌ఎన్‌క్యూ అక్షరాలతో మొదలయ్యే ప్రశ్న వస్తుంది. పై ఉదాహరణలో అది ఆర్‌ఎన్‌క్యూ0907, అంటే డెసిమల్ డేటా ఎర్రర్. తెర ముందు మనిషి ఉంటే తెర మీదకే వస్తుంది. బ్యాచ్ అయితే క్యూసిసాపర్ (సిస్టమ్ ఆపరేటరు) మెసేజ్ క్యూలో పడుతుంది, జాబు స్థితి ఎంఎస్‌జీడబ్ల్యూ (మెసేజ్‌కి జవాబు కోసం కాచుకోవడం) అని చూపిస్తుంది. జవాబులు నాలుగు: సీ అంటే రద్దు, డీ అంటే డంప్ తీసి రద్దు, ఎఫ్ అంటే పూర్తి డంప్ తీసి రద్దు, జీ అంటే *గెట్‌ఇన్ దగ్గరికి వెళ్ళి కొనసాగించు.

ఈ జీ తోనే చిక్కు. లెక్కలు మళ్ళీ పైనుంచి మొదలవుతాయి, ఫైలు మాత్రం ఆగిన చోటే ఉంటుంది, వేరియబుల్స్‌లో పాత విలువలే ఉంటాయి. ఒక ఆర్డరు హెడర్ రాసి లైన్లు రాయకుండానే తర్వాతి ఆర్డరుకి దూకిపోవడం ఇలాగే జరుగుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటరుకి 'జీ కొట్టొద్దు' అని కాగితం మీద రాసి అతికించడం కంటే ఆ ప్రశ్న అతని దాకా పోకుండా చూడటం నయం. జాబుకి ఐఎన్‌క్యూఎంఎస్‌జీఆర్‌పీవై (ప్రశ్నలకి జవాబు ఎక్కణ్ణుంచి రావాలో చెప్పేది) విలువ *సిస్‌ఆర్‌పీవైఎల్ పెట్టి, సిస్టమ్ రిప్లై లిస్టులో ఆర్‌ఎన్‌క్యూ0000 (అంటే ఆర్‌ఎన్‌క్యూ ప్రశ్నలన్నిటి) కి డీ అని ఒక వరుస చేర్చండి. లిస్టులో ఆర్‌పీజీ0000 వరుస కనబడినంత మాత్రాన సరిపోయిందనుకోకండి. అది ఓపీఎం అనే పాత తరం ఆర్‌పీజీకి. ఐఎల్‌ఈ అనే ఇప్పటి తరం ఆర్‌పీజీ అడిగేవి ఆర్‌ఎన్‌క్యూ ప్రశ్నలు.

డంప్‌లో ప్రతి ఫీల్డు విలువా ఆ క్షణంలో ఎలా ఉందో అలా వస్తుంది. క్యూపీపీజీఎండీఎంపీ స్పూల్ ఫైల్లో చూసుకోవచ్చు. అరకొరగా రాసిన ఎర్రర్ కోడ్ ఈ సాక్ష్యాన్నే పోగొడుతుంది. తప్పు వస్తే ఏం చెయ్యాలో తెలియని ప్రోగ్రాంకి, ఇంకా పరీక్షలో ఉన్న ప్రోగ్రాంకి ఏమీ పట్టకపోవడమే మేలు.

ఈ ఎక్స్‌టెండర్: తాళం పడ్డ రికార్డుకి

ఆపరేషన్ పక్కన (ఈ) అని చేర్చి, వెంటనే %ఎర్రర్ (తప్పు వచ్చిందా), %స్టేటస్ (ఏ నంబరు తప్పు) చూసుకునే పద్ధతి ఇది. ఒక్క ఆపరేషన్, ఒకటో రెండో తెలిసిన తప్పులు, వాటికి తెలిసిన మందు ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు. అన్నిటికంటే బాగా సరిపోయే సందర్భం రికార్డు లాక్.

కౌంటరులో ఒక గుమస్తా పార్టీ ఖాతా తెరిచి పెట్టుకుని టీకి వెళ్ళాడు. ఇంకో గుమస్తా అదే ఖాతా మీద బిల్లు కొడుతున్నాడు. ఫైలు తయారుచేసేటప్పుడు వెయిట్‌ఆర్‌సీడీ (లాక్ కోసం ఎంతసేపు కాయాలో చెప్పే గడువు) మార్చకపోతే రెండో వాడి తెర 60 సెకన్లు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత స్టేటస్ 1218 వస్తుంది. మూడు పనులు చెయ్యండి.

మొదటిది, అప్‌డేట్ చెయ్యని చోట చెయిన్(ఎన్) వాడండి (చెయిన్ అంటే కీతో రికార్డు వెతికి చదివే ఆపరేషన్). లాకే పడదు. లాక్ గొడవల్లో చాలా భాగం ఇక్కడే తీరిపోతుంది, ఎర్రర్ కోడ్ దాకా రాదు.

రెండోది, అప్‌డేట్ తప్పనిసరైతే ఓవర్‌రైడ్‌తో వెయిట్‌ఆర్‌సీడీని 5 సెకన్లకి తగ్గించి, చెయిన్(ఈ) ని మూడుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ దొరక్కపోతే తెర మీద ఎవరి దగ్గర ఉందో చూపించండి. ప్రోగ్రాం స్టేటస్ డేటా స్ట్రక్చరులో (ప్రోగ్రాం స్థితి సమాచారం ఉండే చోట) 91 నుంచి 170 స్థానాల వరకు ఉన్న మెసేజ్ పాఠంలో లాక్ పట్టుకున్న జాబు పేరు వస్తుంది. 'రికార్డు దొరకలేదు' అంటే గుమస్తా ఏం చెయ్యగలడు? ఫలానా యూజరు దగ్గర ఉందంటే లేచి వెళ్ళి చెప్పొస్తాడు.

మూడోది, వరుస తప్పకూడదు. ముందు %ఎర్రర్, ఆ తర్వాతే %ఫౌండ్ (రికార్డు దొరికిందా). తిరగేస్తే లాక్ పడ్డ పార్టీ 'లేని పార్టీ'గా లెక్కకొచ్చి, ప్రోగ్రాం కొత్త ఖాతా రాయబోయి డూప్లికేట్ కీ 1021 లో పడొచ్చు. అప్పుడు అందరూ 1021 వెనకాల తిరుగుతారు, తప్పు ఉన్నది 1218 దగ్గర.

ఈ పద్ధతి పట్టలేనివి కూడా ఉన్నాయి, అవి తెలియకపోతే మోసపోతాం. మొదట చెప్పుకున్న ఖాళీల ఫీల్డునే తీసుకోండి. రీడ్(ఈ) రాసి ధీమాగా ఉంటే 907 దాన్ని దాటుకుని వచ్చేస్తుంది. కారణం ఏమిటంటే రీడ్ మీద (ఈ) పట్టేది ఫైలు తప్పుల్ని, అంటే 1000 దాటిన స్టేటస్‌లని. రికార్డు సక్రమంగానే వచ్చింది. దాన్ని ప్రోగ్రాం ఫీల్డుల్లోకి మారుస్తుండగా వచ్చిన 907 ప్రోగ్రాం తప్పు, ఫైలు తప్పు కాదు. ఇన్‌ఎఫ్‌ఎస్‌ఆర్ (ఫైలు తప్పు వస్తే ప్రోగ్రాం దూకే సబ్‌రొటీన్) కూడా దీనికి పలకదు. పలికేవి మానిటర్, పీఎస్‌ఎస్‌ఆర్. మామూలు లెక్కల వాక్యానికైతే (ఈ) తగిలించే వీలే లేదు.

మానిటర్: చిన్నదిగా ఉన్నంతసేపూ

ఇది 2001లో వీ5ఆర్1 వెర్షన్‌తో వచ్చింది. ఇప్పుడు కొత్తగా రాసే కోడులో మా మొదటి ఓటు దీనికే, ఒక షరతు మీద: మానిటర్, ఎండ్‌మాన్ మధ్య ఒక తెర పట్టేంత కోడుకి మించి ఉండకూడదు. మూడు వందల లైన్ల చుట్టూ ఒక మానిటర్ కట్టి, చివర ఆన్-ఎర్రర్ *ఆల్ (ఏ తప్పు వచ్చినా) అని రాసి, కింద ఏమీ రాయకుండా వదిలేసిన ప్రోగ్రాం ఎర్రర్ పట్టే ప్రోగ్రాం కాదు, ఎర్రర్ దాచే ప్రోగ్రాం.

411వ ఆర్డరుకి ఇలా ఉంటుంది:

మానిటర్;
   రీడ్ ఆర్డర్స్;
ఆన్-ఎర్రర్ 907;
   చెడ్డది = *ఆన్;
ఎండ్‌మాన్;

చెడ్డది ఆన్ అయితే ఇన్‌ఎఫ్‌డీఎస్‌లో (ఫైలు స్థితి సమాచారం ఉండే చోట) 397 నుంచి 400 స్థానాల వరకు ఉన్న రిలేటివ్ రికార్డు నంబరు (ఫైల్లో అది ఎన్నో రికార్డో చెప్పేది) తీసుకుని, దాన్ని తిరస్కారాల ఫైల్లో రాసి, తర్వాతి రికార్డుకి వెళ్ళండి. రికార్డు నంబరు ఎందుకంటే, ఆ రికార్డులో ఆర్డరు నంబరు ఫీల్డు కూడా ప్రోగ్రాంలోకి సరిగ్గా చేరిందో లేదో చెప్పలేం. చెడిన రికార్డులోంచి దాని గుర్తింపు తీసుకోవడం దొంగని చిరునామా అడిగినట్టుంటుంది. లూప్ తిరిగి వచ్చేటప్పుడు చెడ్డది అనే గుర్తుని ఆఫ్ చెయ్యడం మరిచిపోతే 412 నుంచి అన్నీ తిరస్కారాలే.

ఇంతకీ ప్యాక్డ్ ఫీల్డులోకి ఖాళీలు ఎలా వచ్చాయి? సాధారణంగా బయటి నుంచి వచ్చిన ఫ్లాట్ ఫైల్ని సీపీవైఎఫ్ కమాండుతో *నోచెక్ పెట్టి కాపీ చేస్తే వస్తాయి. మెషిన్ ఏ పరీక్షా చెయ్యకుండా బైట్లని అలాగే దింపేస్తుంది. దారి మార్చగలిగితే ముందు అది మార్చండి.

దిగుమతి ఫైళ్ళ గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే సరిహద్దు వ్యాపారంలో పార్టీలు పంపే ఎక్సెల్ జాబితాలకి లెక్కలేదు. అంకెని అక్షరాలుగా పంపితే %డెక్‌తో మారుస్తాం. '1,25,000' అని మన పద్ధతిలో కామాలు పెట్టి పంపితే స్టేటస్ 105 వస్తుంది, మానిటర్ పట్టేస్తుంది, బాగానే ఉంది. కానీ '1,250' అని వస్తే? ఎర్రరే రాదు. మామూలుగా %డెక్ ఒంటరి కామాని దశాంశ బిందువుగా తీసుకుంటుంది. 1,250 మీటర్ల కోరా గుడ్డ 1.25 మీటర్లయి బిల్లులో కూర్చుంటుంది. దీన్ని ఏ మానిటరూ పట్టదు, ఎందుకంటే మెషిన్ దృష్టిలో తప్పే జరగలేదు. మార్చే ముందు %స్కాన్‌ఆర్‌పీఎల్‌తో కామాలన్నీ తీసెయ్యండి. మొత్తం ఖాళీగా వచ్చిన గడికి కూడా మామూలుగా 105 వస్తుంది. దాన్ని సున్నా అనుకోవాలా, తిరస్కరించాలా అన్నది మీరు తేల్చాలి.

పార్టీ పేర్లు తెలుగులోనో ఒడియాలోనో వచ్చే చోట ఇలాంటిదే ఇంకో గుంట ఉంది. సీసీఎస్‌ఐడీ 37 (ఇంగ్లీషు అక్షరాల కోడు) ఫీల్డులో మన అక్షరాలు పట్టవు. యూటీఎఫ్ (యూనికోడ్) నుంచి అందులోకి మారిస్తే మామూలుగా అయితే ప్రతి అక్షరం బదులు ఒక పిచ్చి గుర్తు పడుతుంది, ప్రోగ్రాం మాత్రం నవ్వుతూ ముందుకెళ్తుంది. కంట్రోల్ వాక్యంలో సీసీఎస్‌ఐడీసీవీటీ(*ఎక్సెప్) పెడితే అక్కడ స్టేటస్ 452 లేస్తుంది, అప్పుడు మానిటరుతో పట్టుకోవచ్చు.

మానిటర్ చెయ్యనివి: ఆన్-ఎర్రర్ కింద రాసిన వాక్యాల్ని అదే మానిటర్ కాపాడదు, తిరస్కారాల ఫైల్లో రాయబోతే వచ్చిన తప్పు బయటికే పోతుంది. మానిటర్ లోపలే (ఈ) ఉన్న ఆపరేషనుంటే దాని తప్పులు (ఈ) కే వెళ్తాయి. ప్రోగ్రాం మధ్యలో రాసే ఎంబెడెడ్ ఎస్‌క్యూఎల్‌లో వచ్చే తప్పుల్ని మానిటర్ పట్టదు. అక్కడ ప్రతి వాక్యం తర్వాతా ఎస్‌క్యూఎల్‌స్టేట్ చూసుకోవాల్సిందే. 02000 అంటే అలాంటి రికార్డు (రో) లేదు, 23505 అంటే డూప్లికేట్ కీ, 57033 అంటే వేరే జాబు పట్టుకుని ఉంది. రీడ్, రైట్‌లతో ఉన్న పాత ప్రోగ్రాంని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చినప్పుడు మానిటర్లు అలాగే ఉండిపోతాయి, చూడ్డానికి అంతా భద్రంగానే ఉంటుంది. అవి కాపలా కాసేది ఖాళీ ఇంటికి.

ఐబీఎం ఐ 7.5 మీద పీటీఎఫ్‌లు (ఐబీఎం పంపే సవరణలు) తాజాగా ఉంటే ఆన్-ఎక్సెప్ కూడా దొరుకుతుంది. స్టేటస్ నంబరు బదులు నేరుగా మెసేజ్ ఐడీతో పట్టొచ్చు. పిలిచిన ప్రోగ్రాం లోపల విఫలమైతే స్టేటస్ సాధారణంగా 202 అనే చెప్తుంది, లోపల ఏమైందో చెప్పదు. అలాంటి చోట ఆన్-ఎక్సెప్ విలువ తెలుస్తుంది. ఆన్-ఎర్రర్‌ల కంటే ముందు రాయాలి.

పీఎస్‌ఎస్‌ఆర్, ఇన్‌ఎఫ్‌ఎస్‌ఆర్

ఆర్‌పీజీ త్రీ కాలం నాటివి. వీటిని అడుగున పరిచే వలగా వాడండి, పని జరిగే చోటుగా కాదు. ఎందుకంటే పీఎస్‌ఎస్‌ఆర్‌లోకి వచ్చాక తప్పు జరిగిన తర్వాతి వాక్యానికి తిరిగి వెళ్ళే దారి లేదు. అందుకే దాంట్లో మూడే పనులు: డంప్(ఏ), ఉంటే రోల్‌బ్యాక్ (ఇంకా పక్కా కాని మార్పుల్ని వెనక్కి తీసుకోవడం), ఆపై ముగింపు.

రాసేవాళ్ళు పడే గోతులు వరుసగా చెప్తాం. పీఎస్‌ఎస్‌ఆర్ లోపలే ఇంకో తప్పు జరిగితే అది తిరిగి తనలోకే వస్తుంది, అంతులేని చక్రం. కాబట్టి మొదటి పని ఒక గుర్తు చూడటం: అప్పటికే ఆన్‌లో ఉంటే నేరుగా ముగింపుకి, లేకపోతే ఆన్ చేసి ముందుకి. ఫైలు తప్పులు వాటంతటవి పీఎస్‌ఎస్‌ఆర్‌కి రావు. ఫైలు డిక్లరేషన్లో ఇన్‌ఎఫ్‌ఎస్‌ఆర్(*పీఎస్‌ఎస్‌ఆర్) అని కలిపితేనే వస్తాయి. ఫైలు తెరిచేటప్పటి తప్పు (ఫైలు రూపం మారిపోయిందని చెప్పే లెవెల్ చెక్ సీపీఎఫ్4131 లాంటిది) మీ చేతిలో ఉండాలంటే యూఎస్‌ఆర్‌ఓపీఎన్ పెట్టి ఓపెన్(ఈ) తో మీరే తెరవండి, 1217 చూసుకోండి. మెయిన్‌లో రాసిన పీఎస్‌ఎస్‌ఆర్ సబ్‌ప్రొసీజర్లకి వర్తించదు. దేనిది దానికే ఉండాలి.

ముగింపులో ఎండ్‌ఎస్‌ఆర్ పక్కన '*క్యాన్సిల్' విలువ పెడితే (రాసేటప్పుడు ఒక ఎల్‌తో, ఈ లేకుండా) ప్రోగ్రాం అసహజంగా ముగిసిందని పిలిచినవాడికి తెలుస్తుంది. అదే చోట ఎల్‌ఆర్ (ప్రోగ్రాం పని ముగిసిందని చెప్పే ఇండికేటరు) ఆన్ చేసి రిటర్న్ కొడితే ఏమీ జరగనట్టే ఉంటుంది. మొదట్లో చెప్పిన నాలుగో జవాబు పుట్టేది ఈ రెండు లైన్లలోనే.

తెర ఫైళ్ళ మీద ఇన్‌ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టడం గురించి కాస్త ఎక్కువ జాగ్రత్త. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ఊపేసినప్పుడు గాని ఈ వైపు కరెంటూ ఫోను లైన్లూ ఏమయ్యాయో అందరూ చూశారు. తుఫాను దాకా ఎందుకు, ఒక గాలివాన చాలు. పర్లాకిమిడి బ్రాంచిలో గుమస్తా తెర పోయింది, మెషిన్ ఉన్న చోట జాబు మాత్రం బతికే ఉంది. ఎక్స్‌ఫార్మాట్ (తెర చూపించి, కొట్టింది చదివే ఆపరేషన్) మీద డివైస్ ఎర్రర్ వచ్చింది, రొటీన్ దాన్ని 'చిన్న తప్పు, మళ్ళీ ప్రయత్నిద్దాం' అనుకుని తిరిగి ఎక్స్‌ఫార్మాట్‌కే పంపింది. మళ్ళీ ఎర్రర్, మళ్ళీ ప్రయత్నం. ఒక్క తెర లేని జాబు సీపీయూ అంతా తాగేస్తుంది, జాబ్ లాగ్ గంటలోపే ఉబ్బిపోతుంది. తెర ఫైలు మీద డివైస్ తప్పు వస్తే ఎన్నిసార్లని లెక్కపెట్టండి. రెండోసారికే రోల్‌బ్యాక్ చేసి ముగించండి. లైను పోయిన జాబుని మెషిన్ ఏం చెయ్యాలో క్యూడీఈవీఆర్‌సీవైఏసీఎన్ సిస్టమ్ విలువ తేలుస్తుంది, దాన్ని కూడా ఒకసారి చూసి పెట్టుకోండి.

సీఎల్ పొరలో

బ్యాచ్‌ని నడిపేది సీఎల్ (ఐబీఎం ఐ కమాండు భాష) ప్రోగ్రాం కాబట్టి అసలు తీర్పు అక్కడ ఉంటుంది. మోన్‌మెసేజ్ (కమాండు విఫలమైతే వచ్చే మెసేజ్‌ని పట్టే వాక్యం) రెండు రకాలు. కమాండు కిందనే రాసింది ఆ ఒక్క కమాండుకి. డిక్లరేషన్ల తర్వాత వెంటనే రాసింది మొత్తం ప్రోగ్రాంకి, దాంట్లో గోటూ తప్ప ఇంకేమీ పెట్టలేం.

రెండూ కావాలి, చోట్లు మార్చకండి. తాత్కాలిక ఫైలుందో లేదో చూసే సీహెచ్‌కేఓబీజే కింద సీపీఎఫ్9801 అని ఖచ్చితమైన నంబరుతో పట్టండి. 'లేదు' అన్నది అక్కడ తప్పు కాదు, సమాచారం. సీపీఎఫ్0000 (అంటే ఏ సీపీఎఫ్ మెసేజైనా) ని కమాండు కింద ఒంటరిగా, ఎగ్జెక్ (పట్టాక ఏం చెయ్యాలో చెప్పే భాగం) లేకుండా రాస్తే లైబ్రరీ మీద అధికారం లేకపోయినా, ఆబ్జెక్టు చెడిపోయినా అన్నీ మింగేస్తుంది.

ప్రోగ్రాం మొత్తానికి రాసేటప్పుడు:

1. ఎర్రర్‌స్విచ్ అనే ఒక లాజికల్ వేరియబుల్.
2. డిక్లరేషన్ల కింద మోన్‌మెసేజ్ సీపీఎఫ్0000, గోటూ ఎర్రర్ లేబుల్.
3. లేబుల్ దగ్గర మొదటి వాక్యం: స్విచ్ అప్పటికే ఆన్ అయితే సీపీఎఫ్9999 ఎస్కేప్ (పని విఫలమైందని పిలిచినవాడికి చెప్పే మెసేజ్) పంపి బయటపడు. లేకపోతే ఆన్ చెయ్యి. ఇది లేకపోతే శుభ్రపరిచే కమాండే విఫలమైనప్పుడు మళ్ళీ ఇదే లేబుల్‌కి వచ్చి తిరుగుతూనే ఉంటుంది.
4. రోల్‌బ్యాక్, ఓవర్‌రైడ్‌ల తొలగింపు, పట్టుకున్న ఆబ్జెక్టులు వదలడం.
5. సీపీఎఫ్9898 ని *ఎస్కేప్ రకంగా పైకి పంపడం. వాక్యం చివర చుక్క పెట్టకండి, ఆ మెసేజే ఒకటి పెడుతుంది.

ఐఎల్‌ఈ ప్రోగ్రాం పట్టని తప్పు కంట్రోల్ సరిహద్దు దాటితే పిలిచిన సీఎల్‌కి సీఈఈ9901 గా వస్తుంది. అది సీపీఎఫ్ కుటుంబం కాదు. వదిలేస్తే ఫంక్షన్ చెక్ సీపీఎఫ్9999 గా మారి అప్పుడు సీపీఎఫ్0000 వలలో పడుతుంది. పనవుతుంది గాని చుట్టుదారి. కాల్ కింద సీఈఈ9901 ని నేరుగా రాస్తే చదివేవాడికి అర్థమవుతుంది. జాబుకి లాగ్(4 00 *సెక్‌లెవెల్), అంటే జాబ్ లాగ్‌లో పూర్తి వివరాలు రాయించే సెట్టింగు పెట్టకుండా వీటిలో ఏది రాసినా మర్నాడు పొద్దున్న చీకట్లో వెతుక్కోవడమే.

ఎలా ముగించాలి

ఎల్‌ఆర్ ఆన్ చెయ్యగానే ప్రోగ్రాం ఆగదు. లెక్కల చివరికో రిటర్న్‌కో చేరినప్పుడు ఆగుతుంది, ఫైళ్ళు మూస్తుంది, తర్వాతి కాల్‌కి వేరియబుల్స్ కొత్తగా మొదలవుతాయి. ఎల్‌ఆర్ లేకుండా రిటర్న్ కొడితే ఫైళ్ళు తెరిచే ఉంటాయి, విలువలు నిలిచే ఉంటాయి. వెయ్యిసార్లు పిలిచే ధర చూసే ప్రోగ్రాంకి రెండోది వేగం. కానీ తప్పు దారిలో కూడా అలాగే రిటర్న్ అయితే సగం నిండిన విలువలతో తర్వాతి కాల్ మొదలవుతుంది. కాబట్టి మంచి దారిలో ఎల్‌ఆర్ లేకుండా, తప్పు దారిలో ఎల్‌ఆర్‌తో. మెయిన్ కీవర్డుతో రాసే లీనియర్ (ఆర్‌పీజీ చక్రం లేని) ప్రోగ్రాంలో ఎల్‌ఆర్ మూయడమన్నది లేదు. ఫైళ్ళని ప్రొసీజరు లోపల డిక్లేర్ చేస్తే ప్రొసీజరు ముగిసినప్పుడు అవే మూసుకుంటాయి, కొత్త కోడుకి మా సిఫార్సు ఇదే. దానితో పాటు ఆన్-ఎగ్జిట్ భాగం రాసుకోండి. ప్రొసీజరు సవ్యంగా ముగిసినా, తప్పుతో ముగిసినా, జాబుని ఎవరైనా మధ్యలో చంపినా ఆ భాగం నడుస్తుంది, అసహజంగా ముగిసిందా అన్నది ఒక ఇండికేటరులో చెప్తుంది. సైకిల్-మెయిన్‌లో మాత్రం పెట్టలేం.

ఇప్పుడు అసలు ప్రమాదం. కమిట్‌మెంట్ కంట్రోల్ (మార్పుల్ని కమిట్‌తో పక్కా చేసే, రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసే ఏర్పాటు) యాక్టివేషన్ గ్రూపు (జాబులో ప్రోగ్రాంలు నడిచే ఒక విభాగం) స్థాయిలో ఉందనుకోండి. మీరు కమిట్ చెయ్యకుండా ఆ గ్రూపు సహజంగా ముగిస్తే మెషిన్ తనే కమిట్ చేసేస్తుంది. అసహజంగా ముగిస్తేనే రోల్‌బ్యాక్. అంటే ప్రోగ్రాం *న్యూ (ప్రోగ్రాంతో పుట్టి దానితోనే పోయే) గ్రూపులో నడుస్తూ, తప్పు చూసి మర్యాదగా రిటర్న్ అయితే సగం రాసిన ఇన్‌వాయిస్ పక్కా అయిపోతుంది. తప్పు దారిలో రోల్‌బ్యాక్‌ని చేత్తో రాయాల్సింది ఇందుకే. 'మెషిన్ చూసుకుంటుందిలే' అన్న నమ్మకం ఇక్కడ సరిగ్గా తలకిందులు.

పొడుగు బ్యాచ్‌లకి, జాబుని ఆపమన్నారా అని చెప్పే %షట్‌డౌన్ కూడా వాడండి (రాసేది ఎస్‌హెచ్‌టీడీఎన్). ఎండ్‌జాబ్ *కంట్రోల్డ్ కొడితే మామూలుగా 30 సెకన్ల గడువు. ప్రతి ఆర్డరు కమిట్ తర్వాత ఈ ఫంక్షన్ ఒకసారి చూసుకుంటే ఆ గడువులో శుభ్రంగా ఆగొచ్చు. ప్రతి రీడ్‌కీ చూడక్కర్లేదు.

మరి ఏది ఎంచుకోవాలి

రాత్రి ఇన్‌వాయిస్ బ్యాచ్: ఆర్డరుకొక కమిట్, రీడ్ చుట్టూ చిన్న మానిటర్, తిరస్కారాల ఫైలు, అడుగున పీఎస్‌ఎస్‌ఆర్. సీఎల్ చివర తిరస్కారాలు లెక్కపెట్టి, ఒక్కటున్నా క్యూసిసాపర్‌కి కబురు. ఇన్‌వాయిస్ నంబరు మాత్రం అన్ని పరీక్షలూ దాటాకే తీసుకోండి. జీఎస్‌టీ రూల్ 46 ప్రకారం నంబర్లు వరుసగా ఉండాలి, 16 అక్షరాలకి మించకూడదు. ముందే డేటా ఏరియా (ఒక చిన్న విలువ దాచే ఆబ్జెక్టు) లోంచి నంబరు తీసుకుని ఆర్డరుని తిరస్కరిస్తే ఆ నంబరు గల్లంతు. డేటా ఏరియాకి రోల్‌బ్యాక్ వర్తించదు. నంబరుని జర్నల్ చేసిన (మార్పులన్నీ నమోదయ్యే) ఫైల్లో పెట్టి, అదే కమిట్ కింద పెంచడం ఇంకా భద్రం. తిరస్కారాలు ఎన్ని దాటితే మొత్తం ఆపాలో కూడా ఒక హద్దు పెట్టండి. 1,200లో మూడు చెడితే డేటా తప్పు, మూడు వందలు చెడితే దిగుమతే తప్పు.

నెలాఖరు పోస్టింగ్: దాటించడం అనేదే వద్దు. మానిటర్లు పెట్టకండి. తప్పు వస్తే పైకి పోనిచ్చి, సీఎల్‌లో రోల్‌బ్యాక్, ఎస్కేప్.

కౌంటరు తెర: లాక్‌లకి (ఈ), గుమస్తా కొట్టిన విలువలకి మామూలు ఇఫ్ పరీక్షలు. భాగహారంలో సున్నా రాకుండా ముందే చూడగలిగినప్పుడు 102 ని మానిటరుతో పట్టడం బద్ధకం.

పన్ను లెక్కించే సర్వీస్ ప్రోగ్రాం: ఇక్కడ ప్రొసీజరు తప్పుని మింగకూడదు, పిలిచినవాడికి పంపాలి. జీఎస్‌టీఐఎన్ మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. చాలా కోడుల్లో '21 అయితే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, లేకపోతే ఐజీఎస్‌టీ' అని ఒక ఇఫ్ ఎల్స్ ఉంటుంది. నంబరు లేని బరంపురం పార్టీ వస్తే ఖాళీ కూడా ఎల్స్‌లో పడి అంతర్రాష్ట్ర పన్ను వేసేస్తుంది. దీనికి స్టేటస్ లేదు, మెసేజ్ లేదు. రిజిస్ట్రేషన్ లేని పార్టీకి చిరునామాలోని రాష్ట్రం చూడండి, అదీ లేకపోతే ప్రొసీజరే ఎస్కేప్ మెసేజ్ లేపాలి. 7.5 లో ఎస్‌ఎన్‌డీ-ఎంఎస్‌జీ తో ఒక్క లైను. పాత వెర్షన్లలో క్యూఎంహెచ్‌ఎస్‌ఎన్‌డీపీఎం ఏపీఐ. రిటర్న్ కోడ్ పంపే పద్ధతి కూడా ఉంది, కానీ పిలిచినవాడు చూడకపోతే అది లేనట్టే. ఎస్కేప్‌ని చూడకుండా ఉండటం కుదరదు.

రాసింది పనిచేస్తుందో లేదో చూడాలంటే తప్పుల్ని చేత్తో పుట్టించాలి. టెస్ట్ లైబ్రరీలో ఒక ఖాళీల రికార్డుని సీపీవైఎఫ్ *నోచెక్‌తో దింపి 907 తెప్పించండి. ఇంకో తెరలో అదే రికార్డుని అప్‌డీడీటీఏతో తెరిచిపెట్టి 1218 తెప్పించండి. బ్యాచ్ మధ్యలో ఎండ్‌జాబ్ *కంట్రోల్డ్ ఒకసారి, *ఇమ్మెడ్ ఒకసారి కొట్టండి. తెర ప్రోగ్రాం నడుస్తుండగా పీసీ నెట్ వైరు పీకేసి, వేరే తెరలో వర్క్-యాక్టివ్-జాబ్ తెరిచి ఆ జాబు సీపీయూ అంకె పెరుగుతోందేమో చూడండి. ప్రతిసారీ హెడర్ల లెక్క, లైన్ల లెక్క, ఆఖరి ఇన్‌వాయిస్ నంబరు కాగితం మీద రాసుకుని, జాబు మళ్ళీ మొదలెట్టాక సరిపోల్చుకోండి.